తాత షెవర్లె వస్తే గేటు సప్పుడే ఇనబడేదట, మరి సైలెన్సర్ ఏది పెట్టాలె?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది హన్మకొండ. మా తాత కారు 1951 షెవర్లె స్టైల్‌లైన్, సిక్స్ సిలిండర్, మూడు గేర్లది. చాన ఏండ్లు షెడ్డుల పడి ఉండె, పోయినేడు ఇంజన్ పని చేపిచ్చినం, ఇప్పుడు నడుస్తున్నది. సైలెన్సర్ బొక్కలు పడ్డది, వెల్డింగ్ పెట్టిస్తే నెల తిరగక ముందే దాని పక్కన ఇంకో బొక్క పడ్డది. ఆటోనగర్‌ల ఉస్తాద్ అంబాసిడర్‌ది ఏస్తా అంటడు. నా దోస్తేమో అమెరికా నుంచి గ్లాస్‌ప్యాక్ అనే రకం సైలెన్సర్ తెప్పించు, సౌండ్ మస్తుంటది అంటడు. మా మామ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది చేపిస్తే జిందగీల మల్ల చూసుడు ఉండది అంటడు. నాకు మాత్రం తాత నడిపినప్పటి సౌండే రావాలని ఉంది. నాయినమ్మను అడిగితే "మీ తాత కారు సప్పుడు ఎక్కడిది బిడ్డా, గేటు తీసిన సప్పుడే ఇనబడేది" అంటది. ఎండాకాలం తమ్ముని పెండ్లి ఉంది, బరాత్ ఈ కారు మీదనే తియ్యాలె. ఏది పెట్టాలె చెప్పు అన్నా.

జవాబు:

తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ముగ్గురి సలహాలు రాసినవ్, నాయినమ్మ మాట ఏదో ఊరికే అన్నదన్నట్టు చివర్ల రాసినవ్, కానీ అసలు జవాబు అండ్లనే ఉంది. గేటు సప్పుడు ఇనబడేది, కారు సప్పుడు ఇనబడకపోయేది. అంటే నువ్వు అడుగుతున్న తాతప్పటి సౌండ్ అంటే సప్పుడు లేకపోవుడే. యూట్యూబ్‌ల పాత షెవర్లెలు గుర్రు గుర్రుమని పోతుంటే చూసి ఒరిజినల్ సౌండ్ అంటే గిదే అనుకున్నవేమో, అవి తర్వాత మార్చుకున్న బండ్లు, మానిఫోల్డ్, అంటే అన్ని సిలిండర్ల పొగ ఒక్క కాడికి తెచ్చే పోత ఇనుము గొట్టం, దాన్ని రెండుగ చీల్చి రెండు గ్లాస్‌ప్యాకులు పెట్టుకున్నయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ ఇంజన్ల ట్యాపెట్ సప్పుడు, అంటే వాల్వులను లేపే ముక్కల టకటక ఎక్కువ, పొగ గొట్టం సప్పుడు తక్కువ.

సిక్స్ సిలిండర్ సంగతి జర చెప్త, ఎందుకంటే ఇది తెలిస్తే ఏ సైలెన్సర్ డబ్బా కుదురుతదో నీకే అర్థమయితది. మీ కారు ఫైరింగ్ ఆర్డర్, అంటే ఏ సిలిండర్ తర్వాత ఏది పేలుతదో ఆ వరుస, 1-5-3-6-2-4. ఒకసారి వేళ్ల మీద లెక్క పెట్టు, ముందటి మూడు సిలిండర్లల ఒకటి పేలుతది, తర్వాత ఎనకటి మూడింట్ల ఒకటి, మల్ల ముందట, మల్ల ఎనక, ఇట్లనే పోతది, క్రాంకు 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ, అంటే ఒక్క సుట్టుకు మూడు. బుల్లెట్ బండి ఉన్నది కదా, దానికి రెండు సుట్లకు ఒక్క దెబ్బ, అందుకే డుగ్ డుగ్ అని విడివిడిగ ఇనబడతది. సిక్స్‌ల ఒక దెబ్బ అయిపోక ముందే ఇంకోటి అందుకుంటది, జోడెడ్లు అడుగు మార్చి అడుగు ఏసినట్టు, నడుమ సందు ఉండది. ఆ సాఫీతనం కోసమే అప్పట్ల జనం సిక్స్ కొనుక్కున్నరు, ఇప్పుడు నువ్వు దానికి సప్పుడు చేసే డబ్బా కడితే పట్టుచీర మీద గోనెసంచి కప్పినట్టు ఉంటది, నా మాట కటువుగ అనిపిస్తే ఏమనుకోకు.

సైలెన్సర్ కొనక ముందు ఒక పని చెయ్యి. సప్పుడు సైలెన్సర్ నుంచే వస్తున్నదా, ముందట నుంచి సుత వస్తున్నదా చూడాలె. నాకు తెలిసిన కాడికి సగం మంది కొత్త డబ్బా పెట్టుకొని మల్ల అదే సప్పుడని నెత్తి పట్టుకుంటరు, లీకేజీ మానిఫోల్డ్ కాడ ఉంటది కాబట్టి. పొద్దుగాల ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేసి బానెట్ లేపి ఇను. టిక్ టిక్ టిక్ అని వచ్చి, బండి వేడెక్కినంక తగ్గిందంటే అది మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకేజీ, ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటది కాబట్టి తగ్గుతది. ట్యాపెట్ సప్పుడు సుత ఇట్లనే ఉంటది, తేడా ఎట్ల తెలుస్తదంటే లీకేజీ ఉన్న కాడ ఇనుము మీద నల్లటి మసి గీత గీసినట్టు ఉంటది, టార్చ్ పెట్టి చూస్తే కనబడతది. ఇంకోటి, బండి ఐడిల్‌ల ఉన్నప్పుడు మందపు తడి గుడ్డ మడత పెట్టి, చేతికి గ్లౌజు ఏసుకొని ఎనక పైపు మూతి రెండు మూడు సెకండ్లు మూసి పట్టు, బొక్క ఏ మూలన ఉన్నా అక్కడ సుయ్‌మని ఇనబడతది, ఇంకొకల్ని పక్క పొంటి వంగి ఇనమను. ఎక్కువ సేపు మూయొద్దు.

మీ ఇంజన్‌కు మానిఫోల్డ్ నడుమల ఒక తలుపు లెక్క రేకు ఉంటది, హీట్ రైజర్ అంటరు. సల్లగ ఉన్నప్పుడు అది మూసుకొని వేడి పొగను కార్బురేటర్ కిందికి మళ్లిస్తది, వేడెక్కినంక తెరుసుకుంటది. చాన ఏండ్లు షెడ్డుల ఉన్న బండి అంటున్నవ్, ఆ రేకు చిలుం పట్టి బిగుసుకపోయే ఉంటది. బయట చిన్న బరువు తగిలించిన ఇరుసు కనబడతది, ఇంజన్ పూర్తిగ సల్లారినంక చేత్తోని తిప్పితే అటు ఇటు కదలాలె. కదలకపోతే ఆయిల్ కొట్టి రెండు దినాలు నాననియ్యి, తర్వాత సుత్తెతోని మెల్లగ తట్టు, బలంగ కొట్టకు, పోత ఇనుము పగులుతది. అది మూసుకున్న కాడనే ఆగిపోతే పొగ పోవడానికి తోవ సగమే ఉంటది, పికప్ ఉండది, కార్బురేటర్ కాలుతది, గప్పుడు నువ్వు ఏ సైలెన్సర్ పెట్టినా తప్పు సైలెన్సర్ మీదికే పోతది.

ఇగ ముగ్గురి సలహాల కాడికి వద్దాం.

అంబాసిడర్‌ది వద్దు. ఉస్తాద్ చెడ్డ మాట చెప్పిండని కాదు, అతని చేతికి దొరికేది అది, అండర్ బాడీ కొలత సుత దగ్గర దగ్గరగనే అనిపిస్తది. కాని అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ, సుమారు 50 హార్స్‌పవర్ బండి. మీ షెవర్లె 216 క్యూబిక్ ఇంచులు అంటే మూడున్నర లీటర్లు, 92 హార్స్‌పవర్. ఎన్ని హార్స్‌పవర్ తీస్తే అంత పొగ బయటికి పోవాలె, లీటర్ల కన్నా హార్స్‌పవర్ చూసుడే కరెక్ట్ లెక్క. ఆ సన్నటి గొట్టంల ఇంత పొగ తోస్తే సప్పుడు బాగనే తగ్గుతది, ఊర్ల తిరిగితే ఏం తెలియది, కాని కాజీపేట దాటి హైవే ఎక్కి 70 కొట్టినవంటే బండి గుంజుకుంటది, వాల్వులు వేడెక్కుతయి. వ్యాక్యూమ్ గేజ్, అంటే ఇంజన్ గాలి గుంజే బలం చూపెట్టే మీటర్ ఉంటే టెస్ట్ చేసుకోవచ్చు, ఐడిల్‌ల 17 నుంచి 21 ఇంచుల మధ్యల సూది నిలబడాలె, రేస్ చేసి నిమిషానికి 2000 సుట్ల మీద పట్టి ఉంచితే సూది మెల్లమెల్లగ పడిపోతున్నదంటే పొగకు తోవ దొరుకుతలేదన్నట్టు.

అదే లెక్కల లారీది వేస్తే? ఇది సుత ఎవరో ఒకరు చెప్తరు చూడు, లారీ సుత సిక్స్ సిలిండరే కదా అని. నిజమే, మన రోడ్ల మీద తిరిగిన టాటా, లేలాండ్ లారీలు చాన మటుకు ఆరు సిలిండర్లయే, కాని ఆ డీజిల్ ఇంజన్లు మీదానికి ఒకటిన్నర రెట్లకు పైననే ఉంటయి, ఆ డబ్బా మీ కారు కింద పట్టనే పట్టది.

గ్లాస్‌ప్యాక్ గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే ఈ తప్పు నేను స్వయంగ చేసిన. నా దగ్గర ఒక ప్లిమత్ ఉండె, అదీ సిక్సే, ఫ్లాట్‌హెడ్ ఇంజన్. దానికి ఒకల మాట ఇని గ్లాస్‌ప్యాక్ పెట్టిచ్చిన. గ్లాస్‌ప్యాక్ అంటే ఏం లేదు, ఒక నిలువు గొట్టానికి జల్లెడ లెక్క బొక్కలు కొట్టి, దాని సుట్టు గాజు ఊలు కుక్కి, పైన ఇంకో గొట్టం తొడుగుతరు. పొగ అడ్డం లేకుండ సీదా పోతది, సప్పుడు ఊల్ల ఇంకాలె. సన్నటి కీచు సప్పుడు మంచిగనే ఇంకుతది, లావు సప్పుడు ఇంకది. షాపు కాడ ఐడిల్‌ల పెట్టి ఇంటే నాకు నిజంగ ఒళ్లు పులకరించింది, డబ్బులిచ్చి బయలెల్లిన. మడికొండ దాటినంక మొదలైంది. ఒక్క స్పీడ్ కాడ క్యాబిన్ మొత్తం ఊంమ్మ్ అని ఊగుడు, చెవుల్ల కాదు నెత్తిల ఇనబడతది ఆ సప్పుడు, అంతకన్న మెల్లగ పోతే ఉండది, జోరుగ పోతే ఉండది, మనం హైవే మీద కుదురుగ పోయే స్పీడ్ మీదనే ఉంటది. జనగామ చేరేటాలకు ఎనక సీట్ల మా మేనత్త నెత్తికి తువ్వాల కట్టుకొని కూసున్నది, యాదగిరిగుట్టకు పోయేదాక ఒక్క మాట మాట్లాడలేదు, మొక్కు తీరినంక బస్సుల వస్తా అన్నది, నిజంగనే బస్సుల వచ్చింది. షాపాయనను అడిగితే అలవాటైతది సార్ అన్నడు.

ఆ ఊంమ్మ్ ఎక్కడిదో లెక్క చూడు. మీ కారు గేరుబాక్స్ మోడల్ కాబట్టి ఎనక యాక్సిల్ 4.11, అంటే టాప్ గేర్ల చక్రం ఒక్క సుట్టుకు ఇంజన్ 4.11 సుట్లు, టైర్ సైజు చూసుకుంటే గంటకు 60 కిలోమీటర్లు టాప్ గేర్ల పోయినప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 1900 సుట్లు తిరుగుతది. సుట్టుకు మూడు దెబ్బలు అంటే సెకండ్‌కు 95 దెబ్బలు. ఈ లావు సప్పుడు మూసిన పెట్టె లాంటి కారు క్యాబిన్‌ల పడితే డప్పు లోపల కూసున్నట్టు ఉంటది, రేకు మొత్తం దాంతోని పాటు మోగుతది. దాన్ని ఆపాలంటే ఊలు సరిపోది, గదులు కావాలె. ఇంకో సంగతి, ఆ గాజు ఊలు ఎల్లకాలం ఉండది, వేడికి మాడి పిసరు పిసరు ఎనక పైపు నుంచి ఎగిరిపోతది, రెండు మూడేండ్లకు లోపల ఉత్త జల్లెడ మిగులుతది, గప్పుడు సప్పుడు ఇంకింత పెరుగుతది. చెర్రీ బాంబ్ అని ఎర్ర రంగుది చాన పేరున్నది, చూడనీకి ముద్దుగ ఉంటది, అది సుత గ్లాస్‌ప్యాకే.

మరి కావలసింది ఏంది అంటే రివర్స్ ఫ్లో డబ్బా, మన దగ్గర కొందరు మూడు పైపుల సైలెన్సర్ అంటరు. పొగ ముందట నుంచి వచ్చి ఎనకటి గదిల పడతది, అక్కడి నుంచి మలిగి మల్ల ముందటికి వస్తది, ముందటి గదిల తిరిగి మూడో పైపు పట్టుకొని బయటికి పోతది. ఒక్కో గదిల సప్పుడు గోడకు కొట్టుకొని ఎనకకు మలిగి వచ్చి, కొత్తగ వచ్చే సప్పుడుకు ఎదురు తగిలి కొంచెం కొంచెం చస్తది. మీ తాత కారుకు అప్పట్ల ఉన్నది సుత ఈ రకందే. దీనికి పవర్ తగ్గదా అని అడుగుతవ్, 92 హార్స్‌పవర్ బండికి, అది సుత 3400 సుట్లు దాటి తిప్పని ఇంజన్‌కు, తగ్గేది ఏమన్న ఉంటే నీ పాదానికి తెలిసేంత ఉండది. పైంగ ఆ 216 ఇంజన్ల కనెక్టింగ్ రాడ్లకు ఆయిల్ ప్రెషర్‌తోని రాదు, కింద తొట్టిల నుంచి చిమ్మి పోసుడే, అటువంటిదాన్ని ఎవరు రేస్ చేస్తరు చెప్పు.

ఇది రెండు రకాలుగ వస్తది. అమెరికాల ఈ మోడల్‌కు కొత్తగ తయారుచేసే కంపెనీలు ఇంకా ఉన్నయి, అచ్చు అదే కొలతది దొరుకుతది, కాని డబ్బా పెద్దది, బరువు తక్కువున్నా సైజు చూసి కొరియర్ వాళ్లు గుంజుతరు, మీదికెళ్లి కస్టమ్స్, పైంగ ఎనక పైపు పొడుగుది పార్సిల్‌ల పట్టదు, అది ఎట్లాగైనా ఇక్కడనే వంచిపియ్యాలె. ఎవరన్న సోపతి అక్కడి నుంచి వస్తుంటే తెప్పించు, లేకపోతే నా ఓటు ఇక్కడ చేపిచ్చుడికే. హైదరాబాద్‌ల రాణిగంజ్ దిక్కు అడిగితే సైలెన్సర్ డబ్బాలు ఆర్డర్ మీద చేసేటోళ్లు దొరుకుతరు, మన వరంగల్ల సుత బస్సు, లారీ సైలెన్సర్లు కట్టే చేతులు ఉన్నయి, వాళ్లకు పని వచ్చు, కొలత నువ్వు ఇయ్యాలె.

కొలతకు పాత డబ్బానే పంతులు. తుక్కుల పారెయ్యకు, దయచేసి. బండి మీద ఉన్నప్పుడే దాని పక్కన నేల మీద సున్నపు గీతలు కొట్టు, ముందటి మూతి ఎక్కడ, ఎనకటి మూతి ఎక్కడ, రెండు మూతులు ఒక్క వరుసల ఉన్నయా, ఒకటి నడుమ ఒకటి పక్కకా. ఫోటోలు తియ్యి. తర్వాత దించి, గ్రైండర్‌తోని నిలువుగ కోపించు. చిలుంతోని ఎట్లున్నా లోపల గదుల గోడలు ఎన్ని ఉన్నయి, ఎంతెంత దూరంల ఉన్నయి, ఏ పైపుకు బొక్కలు ఉన్నయి, ఏది నున్నగ ఉంది కనబడతది. అది కాగితం మీద గీసి ఇస్తే కట్టేటాయనకు అంతకన్న ఏం అక్కర్లేదు. కోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో, పాత ప్యాకింగులల్ల ఆస్బెస్టాస్ ఉండేది, గీకేటప్పుడు నీళ్లు చల్లి తడిపి గీకాలె, ఉత్తగ ఊదొద్దు.

డబ్బా సైజు పాతదాని కన్న చిన్నది కావద్దు. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకుంటే మిగతాది కొంచెం అటు ఇటైనా నడుస్తది. స్థలం ఉంటే పొడుగు రెండించులు పెంచినా మంచిదే, గది ఎంత పెద్దగుంటే లావు సప్పుడు అంత మంచిగ చస్తది. పైపు మందం మాత్రం పెంచకు, చాన మంది లావు పైపు ఏస్తే పవర్ వస్తది అనుకుంటరు. పాత పైపు వెర్నియర్ పెట్టి కొలిచి అదే ఏయించు, పాతది మరీ చిలుం తిని కొలత దొరకకపోతే 2 ఇంచులు దాటకు, 92 హార్స్‌పవర్‌కు రెండించుల పైపు ఇంకా మిగులుతది. అంతకన్న లావు పైపుల పొగ మెల్లగ పోతది, తొందరగ సల్లారుతది, సప్పుడు మాత్రం బొంగురుగ పెరుగుతది.

రేకు సంగతి, మామ చెప్పిన స్టెయిన్‌లెస్ తప్పేం కాదు. కాని మార్కెట్ల 304 అనే మంచి గ్రేడ్ అని చెప్పి 202 అనే తక్కువ గ్రేడ్‌ది అంటగడతరు, మాగ్నెట్ పెట్టి చూపిస్తరు చూడు అంటుకుంటలేదు అని, 202 సుత అంటుకోది, ఆ టెస్ట్‌ల ఏం తేలది, బిల్లు మీద గ్రేడ్ రాపిచ్చుకో. నిజానికి కంపెనీ కార్ల సైలెన్సర్లకు వాడే 409 స్టీల్‌కు మాగ్నెట్ అంటుకుంటది, పైన జర చిలుం రంగు వస్తది, అయినా గట్టిగ ఉంటది. ఇంకోటి, పల్చటి స్టీల్ రేకు డబ్బాకు డొల్ల మోత ఉంటది, పాత అల్యూమినియం గిన్నె మీద స్పూన్‌తోని కొట్టినట్టు. కాబట్టి స్టీలే చేపిస్తా అంటే పై గోడ 1.2 మిల్లీమీటర్లు అన్న ఉండాలె, డబుల్ గోడ ఏసి నడుమ పల్చగ వేడి తట్టుకునే ఊలు పెడితే ఇంకా మంచిది. నేనైతే అల్యూమినియం పూత ఉన్న రేకు దొరికితే డబ్బా దాంతోని, లేకపోతే మామూలు 1.6 మిల్లీమీటర్ల రేకుతోని చేపిచ్చి పైన హీట్ పెయింట్ కొట్టిస్త. మీ కారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతది? మామూలు రేకుదే మంచిగ చూసుకుంటే పదేండ్లు వస్తది.

చూసుకునుడు అంటే ఏందో చెప్త, నీ సైలెన్సర్ ఎందుకు బొక్కలు పడ్డదో అక్కడనే ఉంది. లీటర్ పెట్రోల్ కాలితే దగ్గర దగ్గర లీటర్ నీళ్లు పుడతయి, ఆవిరిగ. బండి వేడిగ ఉంటే ఆ ఆవిరి బయటికి పోతది. నువ్వేం చేస్తవంటే ఆదివారం పొద్దుగాల షెడ్డుల స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి బంద్ చేస్తవ్, అవునా కాదా? అందరు చేసే పనే అది. ఆ పది నిమిషాలల్ల డబ్బా వేడెక్కది, ఆవిరి లోపలనే నీళ్లయితది, అండ్ల పొగల ఉండే ఆమ్లం కలుస్తది, కింద పొట్టల వారం దినాలు నిలుస్తది. చిలుం లోపల నుంచి తింటది, బయట పెయింట్ మెరుస్తనే ఉంటది. అందుకే ఒక్క బొక్కకు వెల్డింగ్ పెడితే పక్కన పడ్డది, ఆ రేకు లోపల నుంచి అప్పడం అయిపోయింది, వెల్డింగ్ పట్టనీకి ఇనుము ఏడున్నది. కొత్త డబ్బాకు కింద అన్నిటికన్న లోతున్న కాడ 3 మిల్లీమీటర్ల సన్న బొక్క ఒకటి కొట్టియ్యమను, నీళ్లు కారిపోతయి, దాని నుంచి వచ్చే సప్పుడు ఇనబడది. ఎవరన్న లీకేజీ అని దాన్ని మూసేస్తరు, మూయనియ్యకు. బండి తీస్తే తీయాలె, కాజీపేట, మడికొండ, స్టేషన్ ఘన్‌పూర్ దాక పోయి చాయ్ తాగి రావాలె, లేకపోతే స్టార్టే చెయ్యొద్దు. షెడ్డు తలుపు మూసి స్టార్ట్ చేసుడు అయితే అస్సలు వద్దు, ఆ పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, వాసన రాది, మనిషి కూసున్న కాడనే పోతడు.

పైపులు వంచిచ్చే కాడ జర నిలబడి చూడు. మెషిన్ మీద జబర్దస్తీ వంచితే మలుపు కాడ పైపు నొక్కుకొని పోతది, రెండించుల పైపు అక్కడ ఒకటిన్నర అయితది. పాత పద్ధతిల పైపు నిండ ఎండిన సన్న ఇసుక పోసి, గట్టిగ తట్టి నింపి, రెండు మూతులు మూసి, వేడి చేసుకుంట వంచితే గుండ్రం గుండ్రంగనే వస్తది. ఇసుక తడి ఉండొద్దు, ఆవిరి పట్టి మూత ఎగురుతది, మా దగ్గర ఒకసారి ఎగిరి రేకుల కప్పుకు తగిలింది, అందరం బయటికి ఉరికినం.

ఫిట్టింగ్‌ల ఉస్తాద్‌లు చేసే పెద్ద తప్పు ఏందంటే ముందట నుంచి ఎనక దాక అన్నీ వెల్డింగ్ కొట్టి చాసిస్‌కు సుత వెల్డింగ్ కొడతరు, ఊడదు సార్ అంటరు. ఊడదు, పగులుతది. ఇంజన్ రబ్బర్ల మీద ఊగుతది, చాసిస్ ఊగది. పైంగ రెండున్నర మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 9 మిల్లీమీటర్ల దాక పొడుగు పెరుగుతది, ఆ పెరిగింది ఎక్కడికి పోవాలె? మానిఫోల్డ్ మీదికి తంతది, పోత ఇనుము పగులుతది, షెవర్లె మానిఫోల్డ్ పగిలితే నీ తమ్ముని బరాత్ ఎడ్లబండి మీదనే. కాబట్టి డబ్బాకు ఎనక ముందట క్లాంపులే, వేలాడనీకి రబ్బర్ హ్యాంగర్లే, పాత టైర్ బెల్ట్ ముక్క బోల్టేసినా నడుస్తది, అప్పట్ల కంపెనీలు సుత ఇట్లాంటి గుడ్డ రబ్బర్ పట్టీలే ఏసేటియి. మానిఫోల్డ్ కాడ పైపు బిగిచ్చే ఫ్లాంజ్‌కు కొత్త ప్యాకింగ్, ఇత్తడి నట్లు పెట్టియ్యి, ఇనుప నట్లు వేడికి అంటుకపోయి తర్వాత స్టడ్డే ఇరుగుతది, ఇత్తడియి పదేండ్లకు తీసినా పానా పెడితే వస్తయి. పాతయి తీసేటప్పుడు ముందు రోజే ఆయిల్ కొట్టి ఉంచు.

వెల్డింగ్ కొట్టాల్సిన పని బండి కింద ఉంటే బ్యాటరీ వైర్ తీసేయించు, మీది 6 వోల్ట్‌ల బండి అయినా సరే. ఎనక పైపు పెట్రోల్ ట్యాంక్ దగ్గర నుంచి పోతది, అక్కడ బండి మీద ఉండంగ వెల్డింగ్ వద్దే వద్దు, పైపు మీద గీత కొట్టుకొని దించి బయట వెల్డింగ్ కొట్టి మల్ల ఎక్కియ్యాలె. పైపు మూతి బంపర్ కిందికెళ్లి బయటికి రావాలె, లోపలనే ఆగితే డిక్కీ సందుల నుంచి పొగ క్యాబిన్‌లకు వస్తది, పెండ్లికొడుకు నెత్తినొప్పితోని దిగుతడు.

పోలీసోళ్ల సంగతి ఒక మాట. మోటారు వాహనాల రూల్స్ల 120వ రూల్ ప్రకారం ప్రతి బండికి సప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాల్సిందే, పాత బండి అని మినహాయింపు లేదు. సప్పుడు, పొగ లెక్క దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారి 10,000 రూపాయల దాక జుర్మానా, మూడు నెలలు లైసెన్స్ పక్కన పెట్టుడు సుత ఉంది. రోడ్ రోలర్ కింద సైలెన్సర్లు తొక్కిపిచ్చే వీడియోలు నువ్వు చూసే ఉంటవ్, బుల్లెట్లయే ఎక్కువ ఉంటయి కాని గ్లాస్‌ప్యాక్ పెట్టుకొని హన్మకొండ చౌరస్తాల బరాత్ తీస్తే నీదీ లైన్ల పెడతరు. ఇంకోటి, 2021ల వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్ రూల్ వచ్చింది, 50 ఏండ్లు దాటిన బండ్లకు వీఏ అని ఉండే నంబర్ ప్లేట్ ఇస్తరు, కొత్తగ చేస్తే ఫీజు 20,000, పదేండ్లు నడుస్తది. కాని ఆ నంబర్ మీద రోజూ తిరుగుడు, కిరాయికి ఇచ్చుడు కుదరది, ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరుకు, పెట్రోల్‌కు తీసుకపోవుడు అంతే. బరాత్ దాంట్ల వస్తదా రాదా ముందే ఆర్టీఏ ఆఫీసుల కనుక్కో, పెండ్లి దినం రోడ్డు మీద మాట్లాడుకునే ముచ్చట కాదది.

పని పూర్తయినంక మొదటి 50 కిలోమీటర్లకు క్లాంపులు ఒకసారి మల్ల బిగించు, వేడికి సర్దుకొని వదులవుతయి. మొదటి రెండు మూడు రోజులు పెయింట్ కాలి పొగ వస్తది, భయపడకు. తర్వాత ఒక పొద్దుగాల మీ నాయినమ్మను గేటు కాడ కుర్చీ ఏసి కూసోబెట్టు, చేతిల చిక్కుడుకాయనో ఏదో ఇయ్యి, ఏం చెప్పకు. నువ్వు గల్లీ మూల నుంచి సెకండ్ గేర్ల మెల్లగ రా. నువ్వు గేటు మీద చెయ్యి ఏసేదాక ఆమె నెత్తి ఎత్తకపోతే సైలెన్సర్ కుదిరింది. ముందే ఎత్తి చూసిందంటే ఎనక జాయింట్ కాడ లీకేజీ ఉంటది, మల్ల కిందికి దూరి చూడు.